అడగకుండా పెట్టిన మూడు టిక్కులు

ఆ రోజు పొద్దున నేను ఒక కాగితం మీద మూడు టిక్కులు పెట్టాను. మూత్రం మామూలు. మలవిసర్జన మామూలు. తొడల మధ్య స్పర్శ మామూలు. ఆ మూడింటిలో ఒక్కటి కూడా నేను ఆ అమ్మాయిని అడగలేదు. ఆమె ఇంకా మెట్లెక్కి రాకముందే, నా బల్ల దగ్గర కూర్చుని, టీ తాగుతూ పెట్టేశాను.

చాలా రోజులు దీన్ని పొరపాటు అనుకున్నాను. ఎవరైనా అడిగితే అదే మాట చెప్పేవాణ్ణి. పొరపాటంటే చెయ్యి జారడం. నాది చెయ్యి జారడం కాదు, అలవాటు. రోజూ వచ్చేవాళ్ల కేస్ షీట్లు పొద్దున్నే వరసగా పేర్చుకుని, నిన్నటి షీటు చూసి ఇవాళ్టిది నింపేసేవాణ్ణి. నొప్పి ఎంత ఉందన్న గడి ఒక్కటే ఖాళీగా వదిలేవాణ్ణి. అది మాత్రం మనిషి వచ్చాక అడిగి రాసేవాణ్ణి. మిగతావన్నీ నిన్నటిలాగే ఉంటాయని నా ధీమా.

నేను ఫిజియోథెరపిస్టుని. చిక్కడపల్లిలో మెయిన్ రోడ్డు దాటి లోపలికొచ్చే సందులో, జిరాక్స్ షాపు మీద మొదటి అంతస్తులో నా క్లినిక్. రెండు బల్లలు, మధ్యన ఒక గుడ్డ తెర. తెరకి ఇటు పక్కన ఊపిరి పీలిస్తే అటు పక్కన వినిపిస్తుంది. పొద్దున ఆరున్నర నుంచి నేనొక్కణ్ణే. సాయంత్రం నాలుగు తర్వాత ఒక మేడం వచ్చేవారు, ఆడవాళ్లని ఆవిడ చూసేవారు.

మా వృత్తికి కొత్త చట్టం వచ్చింది, ఇకనుంచి కౌన్సిల్, రిజిస్ట్రేషన్, రికార్డులు అన్నీ పద్ధతిగా ఉండాలి అని అందరం అనుకుంటున్న రోజులవి. నేనే ముందుగా ఫారాలు అచ్చు వేయించాను. వాటి అడుగున "పై ప్రశ్నలన్నీ నన్ను అడిగారు, నేను జవాబు చెప్పాను" అని ఒక వాక్యం, దాని కింద పేషెంటు సంతకం. ప్రతి సిట్టింగు తర్వాత ఒక కాపీ వాళ్ల చేతికి. నారాయణగూడలో ఒక చిన్న హాలులో కుర్రకారు థెరపిస్టులని కూర్చోబెట్టి రికార్డుల గురించి పాఠం కూడా చెప్పాను. "రాయకపోతే చేయనట్టే" అని బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశాను. రాసినంత మాత్రాన చేసినట్టు కాదని ఆ హాలులో ఎవరూ అనలేదు. నాకూ తోచలేదు.

ఆ మూడు గళ్లూ ఎందుకుంటాయో నాకు బాగా తెలుసు. వెన్నెముక అడుగున ఒక నరాల గుత్తి ఉంటుంది. డిస్క్ జారి దాని మీద పడితే ముందు నడక పోదు. ముందు మూత్రం బిగుస్తుంది, కూర్చునే చోట తిమ్మిరెక్కి స్పర్శ తెలియకుండా అవుతుంది. అప్పుడు గంటల్లో ఆపరేషన్ చేయాలి. ఆలస్యమైన కొద్దీ పోయినవి తిరిగిరావు. అందుకే నడుము నొప్పితో వచ్చినవాళ్లని మొదటి రోజే కాదు, ప్రతి రోజూ అడగాలి.

మగవాళ్లని అడిగేవాణ్ణి. ఆడవాళ్ల దగ్గరికి వచ్చేసరికి నాకొక మాట అలవాటైంది. "అంతా మామూలేగా అమ్మా?" అనేవాణ్ణి. వాళ్లు "ఆఁ" అనేవాళ్లు. ఏది మామూలో నేను చెప్పేది లేదు, వాళ్లు అడిగేది లేదు. మా తాతగారు కోస్తా నుంచి ఆఫీసు ఉద్యోగానికి వచ్చి ఈ పేటలో స్థిరపడ్డ మనిషి. మా ఇంట్లో బాత్రూంకి వెళ్లేటప్పుడు కూడా "ఇప్పుడే వస్తా" అని లేచేవాళ్లం తప్ప ఇంకో మాట అనేవాళ్లం కాదు. ఆ పెంపకాన్ని తప్పుపట్టను. కానీ చదువు పూర్తయ్యాక కూడా, పాతికేళ్లు ప్రాక్టీసు చేశాక కూడా, నేను దాన్ని మర్యాద అనుకున్నాను. నా బిడియాన్ని వాళ్ల మర్యాద ఖాతాలో వేశాను.

ఆ అమ్మాయికి ఇరవై నాలుగేళ్లు. అశోక్‌నగర్‌లో హాస్టల్లో ఉండి ఎస్సై ఉద్యోగానికి తయారవుతోంది. పొద్దున్నే గ్రౌండులో పరుగు, ఆ తర్వాత రాత్రి దాకా స్టడీ హాల్లో కుర్చీ. రాత పరీక్ష ఒకటి దాటింది. ఈవెంట్స్‌కి, అంటే పరుగు, లాంగ్ జంప్, షాట్‌పుట్‌కి, మూడు నెలలే ఉంది. నడుము పట్టేసి, కుడి కాల్లోకి నొప్పి దిగుతుంటే నా దగ్గరికి వచ్చింది. మొదటి రోజు పరీక్షగా చూశాను. డిస్క్ జారిందని అనుమానం ఉంది, స్కాన్ తీయించుకో అన్నాను. "తీయించుకుంట సార్, ముందు జర నొప్పి తగ్గియ్యండి" అంది. సాయంత్రం రమ్మన్నాను, మేడం ఉంటారని. "సాయంత్రమైతే స్టడీ హాల్ల సీటు పోతది సార్, ఒక్కసారి లేస్తె మల్ల దొరకది" అంది. సరే అన్నాను. రెండోసారి ఆ మాట ఎత్తలేదు.

ఆ రోజు ఆమెకి ఆరో సిట్టింగు. తెరకి అటువైపు ఒక పెద్దాయన, బ్యాంకులో చేసి రిటైరైనవారు, పట్టేసిన భుజానికి కరెంటు పెట్టించుకుంటున్నారు. వాళ్లిద్దరికీ రోజూ మాటలు నడిచేవి.

"ఏమ్మా ఎస్సై గారూ, ఇవాళ ఆలస్యమైందేం?" అన్నారాయన తెర అవతల నుంచి.

"నీ స్కూటరే తాతా. మెట్ల కాడ అడ్డం పెట్టినవ్. ఉద్యోగమొచ్చినంక ఫస్టు చలాన్ నీకే."

"ముందు ఉద్యోగం రానీ తల్లీ. అప్పటిదాకా నా స్కూటరు అక్కడే ఉంటుంది."

"రాసి పెట్టుకో తాతా. ఈసారి జాబ్ కొడుతున్న."

నేనూ నవ్వాను. కానీ ఆమె మెట్లెక్కడం నేను విన్నాను. రోజూ గబగబా ఎక్కే మనిషి ఆ రోజు కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టూ ఆగి ఎక్కింది. నా చెవికి తెలిసింది.

"ఎలా ఉందమ్మా?"

"ఇయ్యాల రెండు కాళ్లు గుంజుతున్నయి సార్. నిన్నటిదాక కుడిదే ఉండె."

నొప్పి రెండు కాళ్లలోకీ దిగిందంటే ఆ నరాల గుత్తి నలుగుతోందేమోనని అనుమానించాలి. ఆ మాట వినగానే నేను చేతిలో పనంతా పక్కన పెట్టాల్సింది. పెట్టలేదు. ఆమె బల్ల మీద పక్కకి తిరిగి పడుకుంటూ మళ్లీ అంది, గొంతు తగ్గించి.

"కుర్చీల కూసుంటే కూడ సార్... ఎట్ల చెప్పాలె..."

అని తెర వైపు చూసింది. అటువైపు పెద్దాయన "ఇంకొంచెం పెంచండి డాక్టరు గారూ, చీమ కుట్టినట్టుంది అంతే" అంటున్నారు.

ఒక ఆడపిల్ల మాట మధ్యలో ఆపి తెర వైపు చూసిందంటే ఏం చెప్పబోతోందో నాకు తెలుసు. తెలియదని ఇప్పుడు అబద్ధం ఆడను. ఆయన్ని ఐదు నిమిషాలు బయట కూర్చోమనొచ్చు. ఆ ప్రశ్నలు కాగితం మీద రాసి ఆమె చేతికివ్వొచ్చు. మేడంకి ఫోన్ చేసి ఆమెతో మాట్లాడించొచ్చు. ఇవేవీ కష్టమైన పనులు కావు. నేను మాత్రం, "అంతా మామూలేగా అమ్మా?" అన్నాను.

ఆమె ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది.

"ఆఁ సార్," అంది.

వేడి పెట్టాను, కాసేపు నడుముని లాగి పట్టే ట్రాక్షన్ పెట్టాను. వెళ్లేటప్పుడు ఆమె వంగి బూట్లు వేసుకోలేక గోడ పట్టుకుని కాలు దూరుస్తుంటే నేనే కాగితం, పెన్నూ చేతికి అందించాను. "యాడ సార్?" అంది. "ఇక్కడమ్మా" అని వేలు పెట్టి చూపించాను. సంతకం చేసింది. కాపీ మడిచి బ్యాగులో పెట్టుకుంది. "రేపు స్కాన్ సంగతి గట్టిగా చూద్దాం" అన్నాను.

మర్నాడు ఆమె రాలేదు. మధ్యాహ్నం ఆమె రూమ్మేట్ ఫోన్ చేసింది. ముందురోజు మధ్యాహ్నం స్టడీ హాల్లో లేచి నిలబడబోతే కాళ్లు నిలవలేదట. పొద్దున నుంచి మూత్రం రాలేదని అప్పుడు చెప్పిందట. హాస్టల్ పిల్లలే ఆటోలో ఒక ఆస్పత్రికి తీసుకెళ్లారు. అక్కడ డ్యూటీ డాక్టరుకి ఆమె బ్యాగులో ఉన్న కాగితాలన్నీ ఇచ్చారు. ఆయన అన్నిటికంటే పైనున్నది చూశాడు. ఆ రోజు తేదీ, నా ముద్ర, నా సంతకం, ఆమె సంతకం, మూడు టిక్కులు.

"పొద్దున్నే మీ ఫిజియో అన్నీ అడిగి మామూలే అని రాశారు కదా. నొప్పి బిళ్లలకి ఒక్కోసారి మూత్రం బిగుస్తుంది," అన్నాడట. ట్యూబు వేసి, ఇంజెక్షన్ ఇచ్చి, స్కాన్ మర్నాటి జాబితాలో రాశాడు.

రూమ్మేట్ చెప్పేదంతా చెప్పి, "ఇప్పుడు ఆపరేషన్‌కి తీసుకపోయిన్రు సార్. మీకు చెప్పమన్నది, ఇగ సిట్టింగులకు రానని" అంది.

దాదాపు ఒక రోజు పోయింది. సర్జన్ తర్వాత నాతో అదే మాట అన్నారు. "ముందురోజు పొద్దున మొదలైందని తెలిసుంటే ఆ సాయంత్రమే తీసుకునేవాళ్లం." నేను తల ఊపాను. ఆయన నన్నేమీ అనలేదు. ఆయన దృష్టిలో నేను అడిగాను, ఆమె దాచింది.

ఆ రోజు రూమ్మేట్ ఫోన్ పెట్టేశాక నేను మొదట చేసిన పని ఆస్పత్రికి పరిగెత్తడం కాదు. బీరువా తీసి ఆమె ఫైలు చూసుకున్నాను. కాగితం ఉందా, సంతకం ఉందా అని. ఉన్నాయి. ఆ క్షణాన నాకు ఊపిరి తేలికైంది. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ రాయకపోతే ఇదంతా రాసి ప్రయోజనం లేదు.

సాయంత్రం నారాయణగూడ వెళ్లాను. నాకు పని నేర్పిన గురువుగారు అక్కడే ఉంటారు. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయనకి తప్ప అప్పటికి ఎవరికీ చెప్పలేదు. ఆయన చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నారు.

"ఒరే అబ్బాయ్, ఆ పిల్లేమైనా అంటోందా?"

"ఇప్పటిదాకా ఏమీ అన్నట్టు లేదు సార్."

"సంతకం ఉందన్నావుగా. కాగితం నీ పక్షాన ఉంది. నువ్వు నోరు తెరవకు. నీ నోరే నీకు శత్రువు ఇప్పుడు."

"నేను అడగలేదు సార్."

"నాకు చెప్పావు, సరే. ఇంకెవరికీ చెప్పకు. రిజిస్ట్రేషన్ పోతే ఈ వయసులో ఏం చేస్తావు? పునుగులు వేస్తావా చిక్కడపల్లి చౌరస్తాలో?"

అని ఆయనే నవ్వారు, నేను నవ్వుతానేమోనని చూశారు. ఆయన చెడ్డవారు కాదు. నా మీద ప్రేమతోనే చెప్పారు. ఆ ప్రేమని నేను పదకొండు రోజులు వాడుకున్నాను.

మూడో రోజు ఆస్పత్రికి వెళ్లాను, యాపిల్స్ పట్టుకుని. ఆమె తల్లి ఊరి నుంచి వచ్చింది. కూలి పని చేసి చేసి అరచేతులు గట్టిపడ్డ మనిషి. నేనెవరో చెప్పగానే లేచి నిలబడి, స్టూలు కొంగుతో తుడిచి నా వైపు జరిపింది.

"కూసోండి సారు. మీరు మంచిగనే చూసిన్రంట. డాక్టరు సారు చెప్పిండు. మా పిల్లే నోరు తెరిచి చెప్పలేదంట."

బెడ్ మీద అమ్మాయి గోడ వైపు తిరిగి ఉంది. తల్లి ఆమె వీపుకేసి చెయ్యి ఊపుతూ అంది, "గింత సదువు సదివినవ్, గీ ఒక్క మాట చెప్పనీకి నోట్ల నాలుక లేకపాయెనా? మా ఇంటి చుట్టుపక్కల ఆడోళ్లు నయం గద బిడ్డా. సిగ్గువడి పానం మీదికి తెచ్చుకుంటివి."

అప్పుడు అమ్మాయి తల తిప్పి నన్ను చూసింది. కోపం లేదు ఆ చూపులో. ఎదురుచూస్తోంది. నేను అంటానని. "లేదమ్మా, నేనే అడగలేదు" అనడానికి నాకు ఎంతసేపు పడుతుంది? నేను ఆమె కాళ్ల వైపు చూస్తూ, "తొందరగానే తగ్గుతుందమ్మా, ధైర్యంగా ఉండు" అన్నాను. ఆమె మళ్లీ గోడ వైపు తిరిగింది.

ఆ తర్వాత మళ్లీ వెళ్లలేదు. పొద్దున్నే క్లినిక్ తీసేవాణ్ణి. ముందుగా గళ్లు నింపడం మానేశాను. ఆడవాళ్లు ఎవరొచ్చినా సాయంత్రం రమ్మని పంపేసేవాణ్ణి. పెద్దాయన రెండుసార్లు అడిగారు, "మన ఎస్సై కనబడ్డం లేదేమండీ?" అని. ఊరెళ్లిందని చెప్పాను. అదొక అబద్ధం. మెట్ల దగ్గర స్కూటరు మాత్రం ఆయన పక్కకి జరిపి పెడుతున్నారు.

పదకొండో రోజు ఆమె తల్లి క్లినిక్‌కి వచ్చింది. ఆస్పత్రిలో పాత కాగితాలు కావాలన్నారట. అశోక్‌నగర్ నుంచి అడుగుతూ అడుగుతూ నడిచి వచ్చింది. కాపీలు తీసి ఇచ్చాను. తీసుకుని కొంగులో చుట్టుకుంది, కానీ వెళ్లలేదు.

"సారు, ఒక్క మాట. మీరు జర అచ్చి మా పిల్లకు గట్టిగ చెప్పుండ్రి. మీ మాటంటే ఇంటది. ఇంకో డాక్టరు కాడనన్న నోరు తెర్వమనుండ్రి. నాతోని మాట్లాడ్తలేదు సారు. వాళ్ల బాపు ఫోన్ల తిట్టిండు, మామ తిట్టిండు, నేను కొట్టినంత పని చేసిన. ఒక్క మాట మాట్లాడ్తలేదు."

అని వంగి నా కాళ్లు ముట్టబోయింది. నేను వెనక్కి జరిగితే బల్ల తగిలింది.

"చెప్తానమ్మా," అన్నాను. 

ఆమె మెట్లు దిగాక క్లినిక్ తలుపు వేశాను. అప్పటిదాకా నా తప్పుకి ఆ అమ్మాయి శరీరం ఖర్చయిందనే అనుకుంటూ వచ్చాను. అది కాక, ఆమె తన వాళ్లందరి ముందూ ప్రతి రోజూ దోషిగా పడుకుని ఉందని నాకు అప్పుడు తెలిసింది. నేను మౌనంగా ఉన్న ప్రతి రోజూ ఆ తిట్లు నా బదులు ఆమె తింటోంది.

జరిగినదాని ఫలితం కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఇప్పటికి ఏడాది దాటింది. ఆమె నడుస్తోంది. కుడి పాదం కొంచెం ఈడుస్తుంది. మూత్రం పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు, రోజుకి నాలుగుసార్లు తనే ట్యూబు వేసుకోవాలి. ఈవెంట్స్ ఆమె లేకుండానే అయిపోయాయి. ఆమె తోటి పిల్లలు కొందరు ఇప్పుడు శిక్షణలో ఉన్నారు. కౌన్సిల్ వాళ్లు నన్ను పిలిచి అడిగారు, కొన్నాళ్లు ప్రాక్టీసు చేయొద్దన్నారు. అది నాకు తక్కువే అనిపించింది. ఇప్పుడు మళ్లీ చేస్తున్నాను. తెర స్థానంలో గోడ కట్టించాను. పొద్దున కూడా ఒక మేడం ఉంటారు. ఆ ప్రశ్నలు నేను ఆవిడ సమక్షంలో అడుగుతాను, మూత్రాన్ని మూత్రం అనే అంటాను. ఇవన్నీ చేసినందువల్ల ఆ అమ్మాయి పరుగు తిరిగి రాలేదు.

పన్నెండో రోజు పొద్దున ఆమె ఒరిజినల్ షీటు బల్ల మీద పెట్టుకున్నాను. రికార్డు దిద్దే పద్ధతి నేనే నలుగురికీ నేర్పినవాణ్ణి. వైట్‌నర్ పూయకూడదు, కొట్టివేత కింద పాతది కనబడాలి. మూడు టిక్కుల మీదుగా ఒక్కటే గీత గీశాను. పక్కన "అడగలేదు. ఆమె రాకముందే నింపాను" అని రాసి, ఆ రోజు తేదీ వేసి సంతకం చేశాను. జరిగిందంతా రెండు పేజీల ఉత్తరం రాశాను. కింద జిరాక్స్ షాపులో మూడు కాపీలు తీయించాను. ఒకటి రిజిస్టర్డ్ పోస్టులో కౌన్సిల్‌కి పంపి, ఒకటి పట్టుకెళ్లి సర్జన్ చేతికిచ్చాను. ఆయన మొదటి పేజీ చదివి, "ఇది మీరు రాయక్కర్లేదు కదండీ" అన్నారు. రెండో పేజీ చదివాక ఫైల్లో పెట్టమని నర్సుకిచ్చారు.

మూడో కాపీ పట్టుకుని వార్డులోకి వెళ్లాను.

తల్లి మళ్లీ స్టూలు తుడవబోయింది. వద్దన్నాను. నిలబడే చెప్పాను. "అమ్మా, మీ అమ్మాయి తప్పేమీ లేదు. తను చెప్పబోయింది. నేను ఆ ప్రశ్న అడగలేదు. అడిగినట్టు ముందే రాసి పెట్టాను. చదవనివ్వకుండా సంతకం తీసుకున్నాను. ఆ కాగితం చూసే ఇక్కడి డాక్టరు ఆలస్యం చేశారు."

తల్లి చేతిలోని కొంగు వదిలేసి నా వైపు ఒక అడుగు వేసింది.

"నువ్వు అడగలే?" అంది. అప్పటిదాకా మీరు అన్న మనిషి.

"అడగలేదు."

ఆమె కూతురి వైపు తిరిగింది. "మరి నాకెందుకు చెప్పలేదే? సారు అడగలేదని ఎందుకు చెప్పలే?"

అమ్మాయి పదకొండు రోజుల్లో మొదటిసారి తల్లితో మాట్లాడింది. "సంతకం నేనే పెట్టిన గద అమ్మా. చదవకుండ పెట్టిన. ఎస్సై అయితనని తిరిగేదాన్ని, చదవకుండ సంతకం పెట్టిన అంటే ఎవరు నమ్ముతరు?"

తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మంచం కోడు దగ్గర కింద కూలబడింది. కూతురి పాదం మీద చెయ్యి వేసింది. ఆ పాదానికి ఆ చెయ్యి తగిలిన సంగతి సరిగ్గా తెలియదని నాకు తెలుసు.

నేను ఉత్తరం అమ్మాయికి ఇచ్చాను. ఆమె మొత్తం చదివింది. ప్రతి వాక్యం. మడిచి దిండు కింద పెట్టుకుంది. క్షమించానని అనలేదు. అంటుందని నేనూ అనుకోలేదు.

"సార్, మా ఊర్ల అందరికి తెలుసు, నేను సిగ్గువడి చెప్పలేదని. అమ్మ అందరికి ఫోన్ చేసి చెప్పింది," అంది. తర్వాత తల్లితో, "అమ్మా, ఎవరెవరికి చెప్పినవో వాళ్లందరికి కలుపు. సార్ మాట్లాడుతరు."

తల్లి కళ్లు తుడుచుకుని నంబరు నొక్కి ఫోన్ నా చేతిలో పెట్టింది. మొదట అమ్మాయి తండ్రి. నేను చెప్పిందంతా విని ఆయన ఒక్కటే అడిగారు, "బిడ్డ మంచిగైతదా సార్?" కొంతవరకు అవుతుందన్నాను. పూర్తిగా అని చెప్పలేనన్నాను. తర్వాత మేనమామ. "డాక్టరువా నువ్వు, కసాయోనివా?" అని మొదలుపెట్టి ఆయన ఇంకా చాలా అన్నాడు, అంతా విన్నాను. తర్వాత చిన్నమ్మ. ఆమె ఏడ్చి ఫోన్ పెట్టేసింది.

నాలుగోది నాయనమ్మ. ఆవిడకి చెవుడు.

"ఎవలు?"

"ఫిజియోథెరపీ డాక్టర్నమ్మా. మీ మనవరాలిది తప్పు లేదు. నేనే అడగలేదు."

"ఆఁ? ఏం అడగలే?"

గొంతు పెంచాను. ఆవిడకి వినబడలేదు. పక్క బెడ్ల వాళ్లు తలలు తిప్పారు. తలుపు దగ్గర నర్సు ఆగింది. "గట్టిగ చెప్పండి సార్, గట్టిగంటెనే వినవడ్తది," అంది అమ్మాయి.

"మూత్రం వస్తోందా లేదా అని అడగలేదమ్మా!" వార్డంతా వినబడేలా అరిచాను. "అది అడగడం నా పని! అడగలేదు!"



"గది అడగనీకి ఏమైందయ్య?" అంది ముసలావిడ. "బర్రెకు పానం బాగలేకుంటె కూడ ముందుగాల గదే అడుగుతం గద. పేడ ఏసిందా, పోసిందా అని."

 తప్పయిందమ్మా అన్నాను. ఆవిడకి అది వినబడిందో లేదో తెలియదు. ఫోన్ తల్లికి తిరిగి ఇవ్వబోయాను.

"ఇంకా ఉన్నరు సార్," అంది అమ్మాయి. "పెదనాయన ఉన్నడు. హాస్టల్ల అక్కలున్నరు. గ్రౌండుల పరుగు నేర్పే అన్న ఉన్నడు."

స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. ఆమె నంబర్లు చెబుతుంటే నేను నొక్కుతూ పోయాను. వార్డులోకి భోజనాల బండి వచ్చేదాకా ఒక్కొక్కరికీ అదే చెప్పాను.